కాగితాల్లేని వలసదారుల మీద చర్చ పెట్టాలంటే

హనుమకొండ డిగ్రీ కాలేజీలో పెట్టినా, జగిత్యాల గ్రంథాలయంలో పెట్టినా, సిరిసిల్ల యువజన సంఘంలో పెట్టినా ఈ అంశం మీద చర్చ పావుగంటలో దారి తప్పుతుంది. ఒకరు చట్టం సెక్షన్ చదువుతారు. ఇంకొకరు ఎక్కడో జరిగిన హత్య వార్త తీస్తారు. మూడో మనిషి కువైట్‌లో చిక్కుకుపోయిన వాళ్ల గోడు చెప్పి హాలును ఏడిపిస్తారు. ఎవరూ ఎవరికీ జవాబివ్వరు, ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నది మూడు వేర్వేరు ప్రశ్నల గురించి. కాగితాల్లేకుండా ఉండడం ఇతరులకు అన్యాయమా అన్నది ఒకటి. అలా ఉన్నవాళ్ల వల్ల నేరం పెరుగుతోందా అన్నది రెండోది. వాళ్ల కష్టం చూసి మనం ఎంతవరకు సడలించాలి అన్నది మూడోది. ఈ మూడింటినీ విడగొట్టి, దేనికి దానికి టైమిచ్చి నడిపితే తప్ప చర్చ నిలబడదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఉత్తర తెలంగాణలో ఏ హాల్లో చూసినా గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లవాళ్లు ఉంటారు. అమెరికాలో హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు. వాళ్లే మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల గురించి గట్టి అభిప్రాయాలు చెప్తారు. ఒకే మనిషి మూడు చోట్ల మూడు తూకపురాళ్లు వాడడం ఇక్కడ మామూలే. దాన్ని ఎవరినీ నొప్పించకుండా బయటపెట్టడమే చర్చ నడిపేవాళ్ల అసలు పని. మిగతాదంతా ఏర్పాట్లే.

ముందు తీర్మానం

"అక్రమ వలస తప్పా, ఒప్పా?" అని బోర్డు మీద రాస్తే పని చెడినట్టే. అందులో దేశం లేదు, మనిషి లేడు, చేయాల్సింది లేదు. తీర్మానంలో నాలుగు విషయాలు కచ్చితంగా ఉండాలి: ఏ దేశం, ఏ రకం మనిషి, ఏం చేయాలి, ఎవరు చేయాలి. ఇలా రాయొచ్చు:

"వీసా గడువు దాటి పదేళ్లుగా అమెరికాలో ఉంటూ, ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకు అక్కడి ప్రభుత్వం పని అనుమతి ఇవ్వాలి."

"జీతం ఎగ్గొట్టిన కఫీల్‌ను (వీసా ఇచ్చిన గల్ఫ్ యజమానిని) వదిలి బయట పనిచేసుకుంటున్న కార్మికుడి మీద గల్ఫ్ దేశాలు ఓవర్‌స్టే జరిమానా వేయకూడదు."

"శరణు కోరి హైదరాబాద్‌లో ఉంటున్న విదేశీయుల పిల్లలను తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడిలో చేర్చుకోవాలి."

ఒక్క సభకు ఒక్కటే తీర్మానం. మొదటిసారి పెట్టేవాళ్లు రెండోదాన్ని తీసుకుంటే నయం. కఫీల్ అంటే ఎవరో, ఆజాద్ వీసా (ఒకరి పేరు మీద తీసుకుని బయట పనిచేసుకునే వీసా) అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. మూడోది మతం వైపు జారిపోతుంది కాబట్టి ఆరితేరిన సంధానకర్త లేకుండా ముట్టుకోవద్దు. ఎన్నికలకు ముందు నెలల్లో అయితే అసలే వద్దు.

పెద్దపల్లి, కరీంనగర్ ఇటుకబట్టీల ఒడియా కూలీలను ఈ చర్చలోకి లాగే అలవాటు ఉంది. వాళ్లు భారత పౌరులు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణ వాళ్లకు ఇచ్చింది. వాళ్ల కూలి, వాళ్ల పిల్లల చదువు పెద్ద సమస్యలే గానీ అవి వేరే సభకు. ఈ ముక్క మొదట్లోనే చెప్పేయండి.

పిలుపు గురించి కూడా ముందే ఒక ఒప్పందం కావాలి. ఒక జట్టు "చొరబాటుదారులు" అని, ఇంకో జట్టు "నిరుపేద శ్రామికులు" అని మొదలుపెడితే పేరుతోనే తీర్పు చెప్పేసినట్టవుతుంది. "కాగితాల్లేనివాళ్లు" అనే మాటతో రెండు జట్లూ సర్దుకోవచ్చు. గల్ఫ్‌లో కాగితాల్లేకుండా ఉన్నవాళ్లకు ఊళ్లో వాడే "ఖల్లివల్లి" గల్ఫ్ సందర్భంలో అయితే పర్వాలేదు, అమెరికా చర్చలోకి తేవద్దు.

ఒక్క పేజీ చట్టం కాగితం

సభకు పది రోజుల ముందే రెండు జట్లకూ ఒకే కాగితం ఇవ్వాలి. అందులో ఉన్నదాని మీద సభలో కొట్లాట ఉండదు. దాని నుంచి ఏం తేలుతుందన్న దాని మీదే వాదన. ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు కాబట్టి తీర్మానంలో ఉన్న దేశం వరకే రాయండి.

అమెరికా అయితే: దొంగచాటుగా సరిహద్దు దాటడం అక్కడి ఫెడరల్ చట్టంలో నేరమే. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు. ఒకసారి పంపేశాక మళ్లీ చొరబడితే మామూలుగా రెండేళ్ల వరకు, పాత శిక్షలుంటే ఇంకా ఎక్కువ. కానీ వీసా మీద వెళ్లి గడువు దాటి ఉండిపోవడం క్రిమినల్ నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. పంపేస్తారు, ఆపైన నిషేధమూ ఉంటుంది. 1996 చట్టం ప్రకారం 180 రోజులు దాటి ఏడాదిలోపు ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటి ఉంటే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే సగం వాదనలు గాల్లో తేలుతాయి. "వాళ్లంతా నేరస్థులే" అన్నవాళ్లూ తప్పే, "ఎవరూ నేరస్థులు కారు" అన్నవాళ్లూ తప్పే.

గల్ఫ్ అయితే: చాలామంది వీసా మీదే వెళ్తారు. కఫీల్‌ను వదిలినప్పుడో, విజిట్ వీసా అయిపోయినప్పుడో కాగితాలు పోతాయి. సౌదీలో యజమాని "పనికి రావట్లేదు" అని ఫిర్యాదు పెడితే దాన్ని హురూబ్ అంటారు. అది పడ్డాక ఇఖామా (అక్కడి నివాస అనుమతి) ఉన్నా లేనట్టే. యూఏఈలో ఓవర్‌స్టే జరిమానా రోజుకు 50 దిర్హాములు. ఏడాది దాటితే 18,250 దిర్హాములు. జీతం రాక బయటికొచ్చినవాడు ఆ జరిమానా ఎట్లా కడతాడన్నది అనుకూల జట్టుకు దొరికే గట్టి పాయింటు. కార్మిక శాఖకు ఫిర్యాదు చేసే దారి ఉండగా ఎందుకు పారిపోయాడన్నది ప్రతికూల జట్టుకు దొరికేది. రెండూ కాగితం మీద ఉండాలి.

భారత్ అయితే: 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. గడువు దాటి ఉంటే మూడేళ్ల వరకు, 3 లక్షల వరకు. అంటే ఓవర్‌స్టే విషయంలో మన చట్టం అమెరికా చట్టం కంటే కఠినం. ఈ వాక్యం చదవగానే హాల్లో కొంతమంది ముఖాలు మారతాయి. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. అయితే రాజ్యాంగం 14, 21 అధికరణలు "పౌరుడు" అనవు, "వ్యక్తి" అంటాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు 21వ అధికరణ రక్షణ విదేశీయులకూ ఉంటుందని చెప్పింది. 2021లో రోహింగ్యాల కేసులో అదే కోర్టు వాళ్లను పంపేయడాన్ని ఆపలేదు, నిర్దేశించిన పద్ధతి పాటించాలని మాత్రం అంది. ఒక జట్టు మొదటి తీర్పు, ఇంకో జట్టు రెండో తీర్పు మాత్రమే చదివితే వాళ్లు వదిలేసినదాన్ని సంధానకర్త గుర్తుచేయాలి.

అంకెలు చెప్పే పద్ధతి

కాగితాల్లేనివాళ్లను ఎవరూ ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టలేరు. జనగణన, సర్వేల్లో కనిపించే మొత్తం విదేశీయుల్లోంచి చట్టబద్ధంగా ఉన్నవాళ్లను తీసేసి, మిగిలిందాన్ని అంచనా కడతారు. అందుకే అంకెలు కలవవు. అమెరికాలో కాగితాల్లేని భారతీయులు 2022లో 7 లక్షల 25 వేలని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క. మైగ్రేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అంచనా 3 లక్షల 75 వేలు. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ చెప్పింది 2 లక్షల 20 వేలు. ఒక జట్టు ఏడు లక్షలు, ఇంకో జట్టు రెండు లక్షలు అని అరుచుకుంటే ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు లెక్క. నియమం పెట్టండి: అంకె చెప్తే సంవత్సరం, ఎవరి అంచనా అన్నవి కలిపి చెప్పాలి. చెప్పకపోతే ఆ అంకె రాలేదనుకుంటాం. వాట్సాప్ ఫార్వర్డ్‌లు ఈ ఒక్క నియమంతోనే రాలిపోతాయి.

లోక్‌సభ, రాజ్యసభ జవాబుల్లో నమ్మదగ్గ అంకెలు దొరుకుతాయి. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. మర్నాడు విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో ఏడాదివారీ లెక్క ఇచ్చారు. అందులో 2009కి 734, 2019కి 2,042 ఉన్నాయి. పంపేయడం ఆ ఫిబ్రవరిలోనే మొదలైందనుకునేవాళ్లకు ఆ పట్టిక చూపిస్తే చాలు. ఆ విమానంలో వాళ్లను సంకెళ్లతో తెచ్చిన విషయం వేరు. అది ఎన్ని తలలన్న లెక్క కాదు, ఎలా పంపారన్న ప్రశ్న. అది సానుభూతి వంతులో రావాలి.

న్యాయం: వరుసలో నిలబడ్డవాళ్ల మాట

వరంగల్‌లో ప్రతికూల జట్టుకు అందరికంటే బలమైన వాదన ఇదే. "మా అమ్మాయి పదేళ్ల నుంచి పన్ను కట్టుకుంట గ్రీన్‌కార్డు కోసం చూస్తుంది. గోడ దూకినోళ్లకు ముందే ఇస్తరా?" దీన్ని కొట్టిపారేస్తే సభ పోయినట్టే. వరుస నిజంగానే ఉంది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు లక్షా 40 వేలు, ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం మించి వెళ్లవు. భారతీయులు ఏళ్లకేళ్లు ఆగడానికి కారణం అది.

అనుకూల జట్టు ఇక్కడ చేయాల్సింది కన్నీళ్లు పెట్టించడం కాదు, వరుసను విప్పి చూపించడం. మొదటి మాట: ఆ 7 శాతం పరిమితిని పెట్టింది చట్టం, గోడ దూకినవాళ్లు కాదు. ఒక పంజాబీ ట్రక్కు డ్రైవర్‌ను వెనక్కి పంపితే ఆ అమ్మాయి వరుసలో ఒక్క అంగుళం కూడా ముందుకు జరగదు. రెండో మాట: చదువు, నైపుణ్యం లేని కూలీకి వరుసే లేదన్నంత చిన్నది. ఆ తరగతికి చట్టంలో ఉన్న పరిమితి ప్రపంచం మొత్తానికి ఏడాదికి 10 వేలు, తర్వాత అందులోనూ కోత పడింది. "వరుసలో రా" అన్న మాట ఇద్దరికీ ఒకే బరువుతో వర్తించదు.

ప్రతికూల జట్టు దీనికీ జవాబివ్వొచ్చు. చట్టం సరిగ్గా లేకపోతే మార్చమని అడగాలి, దాటేయకూడదు. దాటినవాళ్లకు లాభం చేకూరితే రేపు ఇంకొందరు దాటుతారు. దీనికి ఆధారం 1986. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టంతో సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. తెలిసి కాగితాల్లేనివాళ్లను పనిలో పెట్టుకునే యజమానికి శిక్ష అని కూడా అందులోనే రాశారు. మొదటి సగం అమలైంది, రెండో సగం నీరుగారింది. తర్వాతి ఇరవై ఏళ్లలో కాగితాల్లేనివాళ్ల సంఖ్య మళ్లీ పెరిగింది. క్షమాభిక్ష వల్లే పెరిగిందని ఒకరంటారు, యజమానులను వదిలేయడం వల్లని ఇంకొకరంటారు. చర్చ ఈ స్థాయికి చేరితే బాగా నడుస్తున్నట్టు.

పన్నుల సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. 2022లో కాగితాల్లేనివాళ్లు అమెరికాలో దాదాపు 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని అక్కడి ఐటెప్ అనే పన్నుల అధ్యయన సంస్థ అంచనా. అందులో పెద్ద వాటా ఫెడరల్ ఖజానాకు వెళ్తే, బడులు, అత్యవసర వైద్యం ఖర్చు చాలావరకు రాష్ట్రాల, స్థానిక సంస్థల మీద పడుతుంది. పన్ను తీసుకునే చేయి వేరు, ఖర్చుపెట్టే చేయి వేరు. రెండు జట్లూ ఈ విషయాన్ని దాచిపెట్టడానికే చూస్తాయి.

న్యాయం వంతులో తప్పక అడగాల్సింది: తప్పు ఎవరెవరిది, ఎంతెంత? మన అనుభవంలో కాగితాల్లేని మనిషి వెనక ఏజెంట్ ఉంటాడు. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగల ఛార్జీ 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర తీసుకుని విజిట్ వీసా చేతిలో పెట్టినవాడు ఊళ్లోనే ఉంటాడు, పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చుంటాడు. తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన ఉదాహరణ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని నడిపింది స్వయంగా అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే, ఉచ్చుగా. 2019 జనవరి చివర 130 మంది విద్యార్థులను పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు, చాలామంది తెలుగువాళ్లు. క్లాసుల్లేవని తెలిసే చేరారని ప్రభుత్వం వాదన. సర్కారు గుర్తింపు జాబితాలో ఉన్న కాలేజీని నమ్మితే తప్పా అని విద్యార్థుల వాదన. ఈ కేసును రెండు జట్లకూ ఇచ్చి, తప్పును వంద మార్కులుగా పంచమనండి: విద్యార్థికి ఎన్ని, దళారికి ఎన్ని, ప్రభుత్వానికి ఎన్ని? నోటితో ఒకటి వాదించినవాళ్లు కాగితం మీద ఇంకోటి రాస్తారు.

నేరం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే

మూడు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాగితాల్లేకపోవడమే నేరమా అన్నది చట్టం కాగితంలో తేలిపోయింది, మళ్లీ తోడొద్దు. వాళ్లలో దొంగతనం, దాడి, హత్య చేసేవాళ్లు స్థానికుల్లో కంటే ఎక్కువా అన్నది రేటు ప్రశ్న. చేసినవాడిని ఏం చేయాలన్నది శిక్ష ప్రశ్న.

రేటు ప్రశ్నకు ముందు బోర్డు మీద ఒక లెక్క వేయించండి. ఇది ఊహించిన ఊరు. స్థానికులు లక్ష మంది, వాళ్ల మీద ఏడాదికి 400 కేసులు. బయటినుంచి వచ్చినవాళ్లు 5 వేలు, వాళ్ల మీద 15 కేసులు. పేపర్లో 15 వార్తలూ "బయటివాళ్ల ముఠా" అని వస్తాయి, 400లో పది కూడా మొదటి పేజీకి రావు. వెయ్యికి ఎంత పడిందో తీస్తే స్థానికుల్లో 4, బయటివాళ్లలో 3. ఇప్పుడు రెండో మెట్టు. బయటివాళ్లలో ఎక్కువమంది 20 నుంచి 35 ఏళ్ల మగవాళ్లే అయితే, స్థానికుల్లోనూ అదే వయసు మగవాళ్లతోనే పోల్చాలి, ముసలమ్మలతో, చంటిపిల్లలతో కాదు. ఈ రెండు మెట్లూ ఎక్కకుండా ఎవరు రేటు చెప్పినా ఒప్పుకోవద్దు.

నిజమైన లెక్కల్లో అందరూ చూపించేది టెక్సస్. అక్కడ అరెస్టయినవాళ్ల వేలిముద్రలు ఫెడరల్ ఇమిగ్రేషన్ రికార్డులతో సరిపోలుస్తారు కాబట్టి కాగితాలున్నాయా లేవా అన్నది అరెస్టు లెక్కలో తెలుస్తుంది. 2012 నుంచి 2018 వరకు ఉన్న ఆ లెక్కలతో 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, కాగితాల్లేనివాళ్లతో పోలిస్తే అమెరికాలో పుట్టిన పౌరులు హింసాత్మక నేరాల్లో అరెస్టయ్యే రేటు రెండు రెట్లకు పైగా, ఆస్తి నేరాల్లో నాలుగు రెట్లకు పైగా ఉంది. వేలిముద్రలు ముందెప్పుడూ ఇవ్వనివాళ్లు ఆ సరిపోలికలో దొరకరని, అసలు రేటు ఇంకా ఎక్కువుండొచ్చని విమర్శకులు అంటారు. ఈ విమర్శనూ ప్రతికూల జట్టుకు ముందే ఇచ్చేయండి. జర్మనీ పోలీసు లెక్కల్లో విదేశీయుల వాటా జనాభాలో వాటా కంటే ఎక్కువ. అక్కడ వయసు, మగ-ఆడ నిష్పత్తి, పెద్ద నగరాల్లో ఉండడం లాంటివి సర్దితే తేడా తగ్గుతుంది. ఒక దేశం లెక్క ఇంకో దేశానికి అతికించొద్దు. టెక్సస్ చూపించి బాలాపూర్ గురించి తేల్చేయడం రెండువైపులా జరిగే మోసం.

ఒక్క ఘటన మీద వాదన కట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లను ఆపొద్దు. కానీ ఒక ఘటనకు ఒక్కసారే అవకాశం, వెంటనే "దీని నుంచి ఏ నియమం పెట్టమంటారు, ఆ నియమం ఎవరెవరికి తగులుతుంది?" అని అడగాలి. దీనికి మన దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్య జరిగింది. అరెస్టయింది ఇద్దరు గుత్తికోయలు. ఆ తర్వాత మొత్తం గుత్తికోయలనే అక్కడినుంచి పంపేయాలని గ్రామపంచాయతీ తీర్మానం దాకా వెళ్లింది. గుత్తికోయలు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు, భారత పౌరులే. ములుగు వైపు కూడా ఉన్నారు. కాగితాల్లేని విదేశీయుల కేసు కాదిది. కానీ ఇద్దరి నేరం ఎంతమందికి చుట్టుకుంటుందో చూపించడానికి అమెరికా వార్తల కంటే ఇది బాగా పనికొస్తుంది. చనిపోయిన ఆఫీసర్ కుటుంబం గురించి ఒక్క మాట కూడా అనకుండా ఈ ఉదాహరణ వాడే అనుకూల జట్టుకు మార్కులు కోయండి. మనిషిని పోగొట్టుకున్నవాళ్ల ముందు రేట్లు చదవడం మూర్ఖత్వం. ముందు ఆ నష్టాన్ని ఒప్పుకుని, తర్వాత నియమం గురించి మాట్లాడాలి.

ఎవరికీ గుర్తుకురానిది ఇంకోటి: కాగితాల్లేనివాళ్ల మీద జరిగే నేరం. జీతం ఎగ్గొట్టినా, కొట్టినా పోలీస్ స్టేషన్‌కు వెళ్లరు, వెళ్తే తామే బుక్కవుతారు. అందుకే అమెరికా 2000లో యూ వీసా అని ఒకటి పెట్టింది. కొన్ని రకాల నేరాల బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే అర్హులు, ఏడాదికి 10 వేలే. సాక్షులు నోరు విప్పితే స్థానికులకూ మేలన్నది దాని వెనకున్న లెక్క.

సానుభూతికి ఎంత చోటు

వద్దంటే దొడ్డిదారిన వస్తుంది, వదిలేస్తే మిగతాదంతా ముంచేస్తుంది. ఒక్కో జట్టుకు రెండు నిమిషాలు విడిగా ఇవ్వండి. ఆ రెండు నిమిషాల చివర "అయితే ఏం చేయాలి?" అన్నదానికి ఒక వాక్యం తప్పనిసరి. అది లేకుండా కష్టం మాత్రమే చెప్తే ఆ వంతు సున్నా.

ఇక్కడ వాడాల్సిన పరీక్ష పేరు మార్పిడి. వక్త వాక్యాన్ని అలాగే ఉంచి దేశాన్ని, మనిషిని మార్చి తిరిగి చదవండి. ఒక ఉదాహరణ:

వక్త: "దేశం మనది. కాగితాల్లేనోడు ఎందుకుండాలె? సంకెళ్లేసైనా పంపాలె."

సంధానకర్త: "తమ్మీ, నీ మాట నేను మార్చను, పేర్లే మారుస్త. కువైట్ వాళ్లది. జగిత్యాల పిలగానికి ఇఖామా లేదు. సంకెళ్లేసి శంషాబాద్‌ల దించిన్రు. నీ మాట మీద నిలబడ్తవా?"

నిలబడితే నిలబడనివ్వండి. అదీ పద్ధతిగల వాదనే. తడబడితే తేడా ఎక్కడుందో చెప్పమనండి. "మావోడు వీసా మీద పోయిండు, వాళ్లు దొంగచాటుగా వచ్చిన్రు" అంటే అది నిజమైన తేడా, చట్టం కాగితంలో కూడా ఉంది. "మావోళ్లు మంచోళ్లు" అంటే తేడా కాదు. అవతలివైపూ ఇదే పరీక్ష పెట్టాలి. గల్ఫ్‌లో క్షమాభిక్ష కావాలని కన్నీళ్లు పెట్టించిన వక్తను, అదే క్షమాభిక్ష ఇక్కడ గడువు దాటిన విదేశీయుడికి ఇస్తారా అని అడగండి. ఒక్క జట్టునే ఇరికిస్తే సంధానకర్త పక్షపాతం బయటపడుతుంది.

సానుభూతి ఎవరి మీద అన్నదీ తెరిచి ఉంచండి. తక్కువ కూలికి వచ్చేవాళ్ల వల్ల పని పోయిన స్థానిక మేస్త్రీ కూడా మనిషే.

"ఏం చేయాలి"కి సరుకు కావాలంటే యూఏఈ 2024 క్షమాభిక్ష చూడండి. సెప్టెంబర్ 1న మొదలై, అక్టోబర్ 31తో ముగియాల్సింది డిసెంబర్ 31 వరకు సాగింది. జరిమానాలు మాఫీ. వెళ్లిపోతే తిరిగి రావడానికి నిషేధం లేదు, కొత్త పని దొరికితే కాగితాలు సరిచేసుకుని అక్కడే ఉండొచ్చు. సౌదీ 2017 మార్చి 29 నుంచి 90 రోజులు ఇచ్చిన గడువు ముఖ్యంగా వెళ్లిపోవడానికే. రెండింటినీ పక్కపక్కన పెడితే దయలో కూడా ఎన్ని రకాలుంటాయో తెలుస్తుంది.

ఒక గట్టి నిషేధం: బాధిత కుటుంబాన్ని స్టేజీ ఎక్కించొద్దు. అక్కడ ఖల్లివల్లిగా ఉన్న మనిషి పేరు, కంపెనీ, ఊరు ఇక్కడ మైకులో పలికితే, ఎవరో తీసిన వీడియో మర్నాటికి అక్కడికి చేరుతుంది. ఫోన్లన్నీ సైలెంట్‌లో కాదు, సంచిలో. సభలోంచి ఎవరైనా ఆవేశంలో సొంత మనిషి పేరు చెప్పబోతే సంధానకర్త మధ్యలోనే ఆపాలి.

సభ రోజు

జట్టుకు ముగ్గురు: ఒకరు న్యాయం, ఒకరు నేరం, ఒకరు సానుభూతి, పరిష్కారం. ఒక్కో వక్తకు ఐదు నిమిషాలు, మూడో వక్తకు అందులోనే ఆ రెండు నిమిషాలు. నాలుగో నిమిషానికి ఒక గంట, ఐదుకు రెండు. న్యాయం మీద ఇద్దరూ మాట్లాడి, వాళ్ల మీద ఐదు నిమిషాల ప్రశ్నలు అయ్యాకే నేరం మొదలవ్వాలి. ఒక జట్టు ముగ్గురూ వరుసగా మాట్లాడితే మళ్లీ అంతా కలగాపులగమే. మొత్తం గంటన్నర లోపు ముగించాలి.

జట్లను లాటరీతో విడగొట్టండి. ఇష్టమున్న వైపు ఎంచుకోనిస్తే గల్ఫ్ ఇళ్ల పిల్లలంతా ఒకవైపు చేరతారు. తమకు నచ్చని వైపు వాదించినవాళ్లే ఎక్కువ చదువుకుని వస్తారు.

సభ ప్రశ్నలు చీటీల మీదే తీసుకోండి. మైకు చేతికిస్తే ప్రశ్న కాదు, ప్రసంగం వస్తుంది. చీటీల్లో మతం పేరు, పార్టీ పేరు ఉంటే ఆ పేరు తీసేసి ప్రశ్న చదవండి. పేరు తీసేస్తే ప్రశ్న మిగలకపోతే ఆ చీటీ పక్కన పెట్టేయొచ్చు.

మార్కులు వందకు: ఆధారం చెప్పిన తీరుకు 30, అవతలి జట్టు బలమైన పాయింటుకు సూటిగా జవాబిచ్చినందుకు 40, పేరు మార్పిడికి నిలబడినందుకు 20, మాటతీరుకు 10. మన పోటీల్లో మాటతీరుకే సగం ఇచ్చేస్తారు, అందుకే పద్యం పాడినవాళ్లు గెలుస్తారు.

తీర్మానం మీద సభికుల ఓటు మొదట ఒకసారి, చివర ఒకసారి తీసుకోండి, చేతులెత్తి కాదు, చీటీ మీద. ఎంతమంది ఇటున్నారన్నది పెద్ద విషయం కాదు, ఎంతమంది మారారన్నది ప్రకటించండి. ఎవరూ మారకపోతే తీర్మానం మరీ తేలికగా రాశారేమో చూసుకోవాలి.

సభ అయ్యాక ఒకరిద్దరు పక్కకొచ్చి "మా తమ్ముడు అక్కడ ఇట్ల ఇరుక్కున్నడు" అంటారు. దానికి ముందే సిద్ధంగా ఉండండి. సలహాలు చెప్పే పని మీది కాదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో తెలిసిన ఒకరిని బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పాస్‌పోర్టు నకలు, వీసా లేదా ఇఖామా నకలు, కంపెనీ పేరు, అతని ప్రస్తుత ఫోన్ నంబర్, ఏజెంట్‌కు డబ్బులు కట్టిన ఆధారం తెచ్చుకోమని చెప్పి పంపండి. ఆ కాగితాల ఫొటోలు మీ ఫోన్లో దింపుకోవద్దు.